ఎత్తుగడ, యానం, వలస: వ్యూహాత్మక చలనానికి తెలుగు పేర్లు – చీరాల-పేరాల ఘట్టం

ప్రస్తావన

ఇంగ్లీషులో ‘మెనూవర్’ అనే మాటకు తెలుగులో ఒక్క సమానార్థకం చెప్పడం కష్టం. సైన్యం విషయంలో ‘విన్యాసం’ అంటారు. రాజకీయాల విషయంలో ‘ఎత్తుగడ’, ‘మంత్రాంగం’ అంటారు. ఆ పని చేసినవారు నచ్చకపోతే ‘పన్నాగం’ అంటారు. వాహనం నడపడంలో నేర్పు గురించి అయితే ‘చాకచక్యం’ అంటారు. వైద్యంలోకి వచ్చేసరికి అనువాదం మాని ‘హైమ్లిక్ మెనూవర్’ అని మూలపదాన్నే తెలుగు లిపిలో రాస్తారు. ఇన్ని మాటలు ఉండడం భాషకు కొరత కాదు. అయితే ఈ మాటలను తెలుగు ఏ ప్రాతిపదికపై పంచుకుంది అన్నది పరిశీలించదగిన ప్రశ్న. కదలిక స్వభావాన్ని బట్టి మాట మారుతున్నదా, కదిలినవారు ఎవరన్నదాన్ని బట్టి మారుతున్నదా?

ఈ ప్రశ్నను పదచరిత్రకే పరిమితం చేయకుండా ఒక చారిత్రక ఘట్టంతో కలిపి చూడడం ఈ వ్యాసం లక్ష్యం. 1921లో అప్పటి గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోని చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీ పన్ను కట్టడం ఇష్టంలేక ఊళ్లు విడిచి, పొలిమేర అవతల పాకలు వేసుకుని నెలల తరబడి నివసించారు. ఆధునికాంధ్ర చరిత్రలో ‘మెనూవర్’ అనే మాటకు అక్షరాలా సరిపోయే ఉదాహరణ ఇంతకంటె స్పష్టమైనది దొరకడం అరుదు. జనసమూహం ఒకచోటి నుంచి మరొకచోటికి కదిలింది. ఆ కదలికే దాని ఆయుధం. అయినా ఈ ఘట్టాన్ని వర్ణించే తెలుగు రచనల్లో సాధారణంగా కనిపించేవి ‘త్యాగం’, ‘వలస’, ‘సమరం’ అనే మాటలు. ‘ఎత్తుగడ’ అనే మాట వాటి సరసన కనిపించడం అరుదు. ఈ గైర్హాజరుకు కారణం ఏమిటన్నదే ఇక్కడి చర్చ.

చేతి నుంచి సేన దాకా

ఇంగ్లీషు పదం ఫ్రెంచి భాష ద్వారా వచ్చింది. దాని మూలం లాటిన్‌లో ‘చేతితో పని చేయడం’ అనే అర్థమిచ్చే పదబంధం. ‘మానుస్’ అంటే చెయ్యి, ‘ఓపెరా’ అంటే పని. ఇదే మూలం నుంచి ఇంగ్లీషులోకి ఇంకో దారిన వచ్చిన మాట ‘మెన్యూర్’. ఇప్పుడు ఎరువు అనే అర్థంలో ఉన్న ఈ మాటకు మొదటి అర్థం నేలను చేతితో సాగుచేయడం. పొలంలో రైతు చేసే పనీ, రణరంగంలో సేనాని చేసే పనీ ఒకే ధాతువు నుంచి వచ్చిన తోబుట్టువులన్నమాట. పద్దెనిమిదో శతాబ్ది మధ్యలో సైనికార్థంతో ఇంగ్లీషులో ప్రవేశించిన ‘మెనూవర్’ త్వరలోనే సైన్యాన్ని దాటింది. 1809లో మరియా ఎడ్జ్‌వర్త్ ఇదే మాటను శీర్షికగా పెట్టి రాసిన కథ గృహస్థ జీవితంలోని పెళ్లిసంబంధాల కుతంత్రాలకు సంబంధించినది. అంటే ఇంగ్లీషులో కూడా ఈ మాటకు మరక అంటింది. అయినా మొదటి అర్థం చెరిగిపోలేదు. నేర్పుగా కదలడం అనే తటస్థార్థం నేటికీ నిలిచే ఉంది.

అర్థవిస్తరణలో ఇటువంటి దారులు తెలుగుకూ కొత్త కావు. సంస్కృతంలో ‘వ్యవసాయం’ అంటే దృఢనిశ్చయం, పూనిక. తెలుగులో అది సేద్యానికి పేరైంది. ‘ఉద్యోగం’ అంటే ప్రయత్నం, సన్నాహం. భారతంలోని ఉద్యోగపర్వం యుద్ధసన్నాహపు పర్వం. నేడు అది కొలువుకు పేరు. చేతికి సంబంధించిన మాటల విషయంలో మాత్రం తెలుగు రెండు వైపులకు చీలింది. వైద్యుని విషయంలో ‘హస్తవాసి’ గౌరవవాచకం. ‘చేతివాటం’ మాత్రం చేతి అలవాటు, నేర్పు అనే భావం నుంచి జారి, నేటి పత్రికాభాషలో చిల్లర దొంగతనానికీ కార్యాలయాల్లో సొమ్ము కాజేయడానికీ పేరైంది. ‘హస్తలాఘవం’ కూడా గారడీకీ తస్కరణకూ మధ్య ఊగుతున్నది. చెయ్యి నేర్పుగా కదిలితే అనుమానించడం భాషాసమాజపు అలవాటని ఈ మాటలు సూచిస్తున్నాయి.

తెలుగు మాటల పంపకం

‘వ్యూహం’ అనే మాట మౌలికంగా చలనాన్ని చెప్పదు. అది సేనను నిలిపే తీరు, అమరిక. పద్మవ్యూహం కథలో కూడా వ్యూహం నిలిచి ఉంటుంది, అభిమన్యుడు కదులుతాడు. లోపలికి పోవడం తెలిసి బయటికి రావడం తెలియని ఆ వీరుని పట్ల తెలుగువారి సానుభూతి సామెతగా స్థిరపడింది. ‘విన్యాసం’ కూడా మొదట ఉంచడం, పేర్చడం అనే అర్థంలోనిదే. నర్తకి అడుగులకూ కవి మాటలకూ ‘పదవిన్యాసం’ అనే ఒకే మాట సరిపోవడం ‘పదం’ అన్న శబ్దానికి ఉన్న ద్వ్యర్థం వల్ల సాధ్యమైంది. సైనిక విన్యాసాలు, విమాన విన్యాసాలు అనే ఆధునిక ప్రయోగాల్లో ప్రదర్శన ఛాయ ఎక్కువ. శత్రువు ఎదుట లేనప్పుడు చేసేదే విన్యాసం.

‘పన్ను’ అనే క్రియకు సిద్ధపరచడం, అమర్చడం అనే అర్థాలున్నాయి. వల పన్నవచ్చు, వ్యూహం పన్నవచ్చు, కుట్రా పన్నవచ్చు. ఇందులో కర్మను బట్టి మంచిచెడులు తేలుతాయి. నామరూపాలైన ‘పన్నుగడ’, ‘పన్నాగం’ విషయంలో మాత్రం తీర్పు ముందే జరిగిపోయింది. ముఖ్యంగా ‘పన్నాగం’ ఎప్పుడూ ఎదుటివాడిదే. తన పన్నాగం అని ఎవరూ చెప్పుకోరు.

‘ఎత్తుగడ’ చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. ‘మనుగడ’లో ఉన్న ‘గడ’ ప్రత్యయమే ఇందులోనూ ఉంది. ఎత్తడం అంటే పైకి లేపడం. పాట ఎత్తుకోవడం అంటే మొదలుపెట్టడం. అందువల్లనే సాహిత్యవిమర్శలో ‘ఎత్తుగడ’ రచన ఆరంభానికి పారిభాషికపదం. పద్యం ఎత్తుగడ బాగుందనడం మెచ్చుకోలు. చదరంగంలో పావును ఎత్తి పెట్టడం ‘ఎత్తు’. ‘ఎత్తుకు పైఎత్తు’ అనే జాతీయంలో నిందకంటె మెప్పే ఎక్కువ. అదే మాట ఎన్నికల వార్తలోకి వచ్చేసరికి చదువరి అనుమానంతో చూస్తాడు. ఒకే విమర్శకుడు పద్యం ఎత్తుగడను శ్లాఘించి, నాయకుని ఎత్తుగడను గర్హించడంలో వైరుధ్యం ఎవరికీ తోచదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. తెలుగు కమ్యూనిస్టు సాహిత్యం ‘వ్యూహం–ఎత్తుగడలు’ అనే జంటను దీర్ఘకాలిక లక్ష్యానికీ తాత్కాలిక కార్యపద్ధతికీ పారిభాషికపదాలుగా వాడి, ‘ఎత్తుగడ’కు తటస్థగౌరవం కల్పించింది. అయితే ఆ గౌరవం పార్టీ పత్రాల పరిధి దాటి సామాన్యవ్యవహారంలో స్థిరపడలేదు.

బలహీనుని నేర్పును తెలుగు సాహిత్యం ఎరగనిది కాదు. తెనాలి రామకృష్ణుని చుట్టూ అల్లుకున్న జనశ్రుతి కథలన్నీ అటువంటివే. పాండురంగమాహాత్మ్య కర్తకూ కథల్లోని వికటకవికీ మధ్య చారిత్రకమైన దూరం ఎంత ఉన్నా, రాజు, రాజగురువు, దొంగలు, పరదేశి పండితులు అందరినీ మాటతోనే పక్కకు తప్పించి గెలిచే పాత్రను ప్రజలు నాలుగు తరాలకు సరిపడా ప్రేమించారు. ఆ గెలుపుకు వారు పెట్టిన పేర్లు ‘యుక్తి’, ‘చమత్కారం’, ‘సమయస్ఫూర్తి’. ఈ మాటలు ఒక వ్యక్తికే చెల్లుతాయి. ఊరంతా కలిసి యుక్తి పన్నిందనే కథ ఆ సంప్రదాయంలో అంత సులువుగా పుట్టదు. పైగా వికటకవి నేర్పు నవ్వులో కరిగిపోతుంది. మరునాడు సభ యథాప్రకారం కొలువుదీరుతుంది.

యానం, వలస

సంస్కృత రాజనీతిశాస్త్రంలో ‘మెనూవర్’కు అతి సమీపమైన పారిభాషికపదం ‘యానం’. కౌటిల్యుని అర్థశాస్త్రం చెప్పే షాడ్గుణ్యం సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం. ఇందులో ఆసనం అంటే అదను కోసం కదలకుండా ఉండడం. యానం అంటే బలం చాలినప్పుడు శత్రువుపైకి కదలడం. కదలడం, కదలకపోవడం రెండూ ఆలోచించి చేసే నిర్ణయాలేనన్న గుర్తింపు ఈ విభజనలో ఉంది. మడికి సింగన సంకలనం చేసిన సకలనీతిసమ్మతం, ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగం ఈ ఆలోచనాధారను తెలుగు పాఠకునికి అందించాయి. కాని సామాన్యభాషలో ‘యానం’ ప్రయాణమనే అర్థానికి కుదించుకుపోయింది. శాస్త్రంలోని ఆరు గుణాలూ రాజుకు చెందినవి. ప్రజలకు యానం లేదు.

ప్రజల కదలికకు తెలుగు వాడిన మాట ‘వలస’. యుద్ధం వచ్చినా, కరవు వచ్చినా, దోపిడీ దండు వచ్చినా జనం వలసపోతారు. ఈ మాటలో భయం ఉంది, నిస్సహాయత ఉంది, నిర్ణయం మాత్రం కనిపించదు. చరిత్ర మరోలా చెబుతున్నది. పన్నుల భారం, అధికారుల నిర్బంధం మితిమీరినప్పుడు ఊరు విడిచిపోతామని బెదిరించడం, విడిచిపోవడం దక్షిణభారత రైతులకూ నేతపనివారికీ తెలిసిన బేరపు పద్ధతి. ఈస్టిండియా కంపెనీ కాలపు నేతగాళ్ల చలనశీలతే వారి బలమని ఆర్థికచరిత్రకారులు నిరూపించారు. మగ్గం ఖాళీ అయితే కంపెనీ సరుకు ఆగుతుంది. పొలం బీడుపడితే శిస్తు ఆగుతుంది. కాబట్టి పైకి వలసగా కనిపించినదానిలో కొంత యానం. దానికి ఆ పేరు దక్కలేదు.

చీరాల-పేరాల: పొలిమేర దాటిన జనం

చీరాల, పేరాల చుట్టుపక్కల పల్లెలతో కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. జనాభా సుమారు 15,000. వీరిలో నేతపనివారు, చిన్నరైతులు, చిల్లర వర్తకులు ఎక్కువ. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ యూనియన్‌ను మున్సిపాలిటీగా మార్చింది. యూనియన్ కాలంలో ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్నుల భారం మున్సిపాలిటీతో 40,000కు చేరుతుందన్నది చరిత్రగ్రంథాలు సాధారణంగా ఇచ్చే లెక్క. ప్రజలు మహజర్లు పెట్టారు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం తన అధికారి ద్వారా మున్సిపాలిటీని నడపసాగింది. పన్ను నిరాకరించినవారు జైలుకు వెళ్లారు. వారిలో ఒక మహిళ కూడా ఉంది.

ఈ దశలో నాయకత్వం వహించినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో చదువుకుని వచ్చిన ఈయన, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ గ్రంథం 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయం ద్వారా వెలువడింది. హస్తముద్రలనూ శరీరచలనాలనూ శాస్త్రీయంగా వర్గీకరించిన గ్రంథాన్ని అనువదించిన చేయే నాలుగేళ్లకు వేలాదిమంది కదలికకు దారి చూపింది. ఈ రెండింటికీ కార్యకారణసంబంధం అంటగట్టనక్కరలేదు. కదలికకు అర్థం ఉంటుందన్న ఎరుక ఆయనకు కొత్తది కాదని చెప్పడం చాలు. ఆయన కూర్చిన స్వచ్ఛందదళం పేరు ‘రామదండు’. 1921లో బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశంలో ఈ దళం సేవలందించింది.

ఆ సమావేశం ముగిసిన తరువాత 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాలకు వచ్చాడు. ఆయన ప్రజల ముందు రెండు మార్గాలు ఉంచాడు. ఒకటి, అహింసతో పన్ను నిరాకరిస్తూ శిక్షలకు సిద్ధపడడం. రెండు, మున్సిపల్ పరిధి వదలి వెళ్లిపోవడం. ప్రజలు రెండవదాన్ని ఎన్నుకున్నారు. సుమారు 13,000 మంది ఇళ్లు విడిచి పొలిమేర అవతల ‘రామనగర్’ అనే తాత్కాలిక నివాసం ఏర్పరచుకున్నారు. దాదాపు 11 నెలలు అక్కడే గడిపారు.

ఈ నిర్ణయంలోని తర్కాన్ని విడమరచి చూడాలి. మున్సిపల్ చట్టానికి ప్రాణం ఎల్లలో ఉంది. ఎల్ల లోపల ఉన్నవాడు పన్ను కట్టకపోతే నేరస్థుడు. ఎల్ల దాటినవాడిపై ఆ చట్టానికి పట్టులేదు. పన్ను నిరాకరణ చట్టాన్ని ధిక్కరిస్తుంది. నిష్క్రమణ చట్టాన్ని ముట్టుకోకుండానే దాన్ని నిరర్థకం చేస్తుంది. ప్రభుత్వానికి మున్సిపాలిటీ మిగిలింది, పౌరులు మిగలలేదు. ప్రత్యర్థి బలం ఎక్కడ ఉందో గ్రహించి, ఆ బలం పనిచేయని చోటికి తరలిపోవడం యుద్ధశాస్త్రం చెప్పే చలనకౌశలానికి సరైన లక్షణం.

ఇందులో చెల్లించిన మూల్యం కూడా ఆ లెక్కలో భాగమే. చీరాల ప్రాంతం తేలియా రుమాళ్లకు పేరుపొందిన నేతకేంద్రం. గుంటమగ్గం నేలలో తవ్విన గుంతతో ముడిపడిన పరికరం. దాన్ని భుజాన వేసుకుని పోవడం కుదరదు. చోటు మారితే గుంత మళ్లీ తవ్వాలి, పడుగు మళ్లీ సాచాలి. వేసవి ఎండలో, ఆపైన వానల్లో పాకల్లో ఉంటూ నేత సాగించడం ఎంత కష్టమో నేతపనివారికి చెప్పనక్కరలేదు. తెలిసే వెళ్లారు. అందువల్లనే ఇది భయంతో లేచిపోయిన వలస కాదు. లాభనష్టాలు బేరీజు వేసుకున్న సామూహిక నిర్ణయం.

దుగ్గిరాల అరెస్టై, ఏడాది శిక్షపడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్లడంతో ఉద్యమం సారథిని కోల్పోయింది. 1922 ఆరంభంలో సహాయనిరాకరణోద్యమం ఆగిపోయింది. జీవనోపాధి దెబ్బతిన్న ప్రజలు క్రమంగా తిరిగివచ్చారు. మున్సిపాలిటీ నిలిచింది.

ఈ ఘట్టం ఒంటరిది కాదు. 1922 జనవరిలో అదే గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణోద్యమం నడిచింది. అక్కడ ప్రజలు కదలలేదు. గ్రామాధికారులు రాజీనామాలు చేసి తప్పుకున్నారు. శిస్తు వసూలు యంత్రానికి కాళ్లూ చేతులూ గ్రామోద్యోగులే కనుక, వారు తప్పుకోవడంతో యంత్రం స్తంభించింది. శాస్త్రపరిభాషలో చెప్పాలంటే చీరాలది యానం, పెదనందిపాడుది ఆసనం. అయినా రెండింటినీ కలిపి తెలుగు ఒకే మాట అన్నది: ఉద్యమం.

పేరు పెట్టడంలోని రాజకీయం

ఈ ప్రాంతపు ప్రజోద్యమాల భాష సైనికపదాలకు వెనుదీయలేదు. చీరాలలో ‘దండు’ ఉంది, పెదనందిపాడులో ‘శాంతిసేన’ ఉంది. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు అమరులైన చోటికి ‘రణరంగ్ చౌక్’ అని పేరు వచ్చింది. సేనకు, యుద్ధానికి, రణభూమికి మాటలు తీసుకున్న భాష, సేన తెలివిగా కదిలే పనికి మాత్రం మాట తీసుకోలేదు. దీనికి మూడు కారణాలు ఊహించవచ్చు.

మొదటిది, అహింసోద్యమపు నైతికదృష్టి. సత్యాగ్రహి సత్యంతో గెలవాలి, యుక్తితో కాదు. ఎత్తుగడ అంటే సత్యాగ్రహానికి మచ్చ అన్న భావన ఉద్యమకారుల రచనల్లో సహజం. రెండవది, ఫలితం. గెలిచిన కదలికను చరిత్ర వ్యూహమంటుంది, ఓడినదాన్ని త్యాగమంటుంది. చీరాల మున్సిపాలిటీ రద్దయి ఉంటే రామనగర్ కథను ఏ మాటలతో చెప్పుకునేవారో ఊహించడం కష్టం కాదు. మూడవది, అన్నింటికంటె లోతైనది, కర్త. రాజు చేస్తే వ్యూహం, మంత్రి చేస్తే మంత్రాంగం, శత్రువు చేస్తే పన్నాగం, వికటకవి చేస్తే యుక్తి. నేతపనివారూ రైతులూ కలిసి చేస్తే దానికి సిద్ధంగా మాట లేదు. ఉన్న మాటల్లో ‘వలస’ వారిని నిస్సహాయులను చేస్తుంది, ‘త్యాగం’ వారిని పూజనీయులను చేస్తుంది. వారు ఆలోచనాపరులని రెండూ చెప్పవు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. మార్గాన్ని సూచించింది గాంధీ, నడిపించింది దుగ్గిరాల, కనుక ఆలోచన నాయకులదే, ప్రజలది అనుసరణ మాత్రమే అనవచ్చు. కాని గాంధీ రెండు మార్గాలు చూపాడు. ఎన్నుకోవడం ప్రజల పని అయింది. నాయకుడు జైలుకు వెళ్లిన తరువాత కూడా కొన్ని నెలలు పాకల్లో నిలిచినవారు వారే. పైగా ఊరు విడవడమనే పద్ధతి నేతపనివారికి నాయకులు నేర్పిన కొత్తపాఠం కాదు. కంపెనీ కాలం నాటి నుంచీ వారి వృత్తిస్మృతిలో ఉన్నదే.

ముగింపు

‘ఉద్యమం’ అనే మాటను ధాతువు దాకా వెంబడిస్తే, సంస్కృతంలో దాని మూలార్థం పైకెత్తడం. ఆయుధాన్ని ఎత్తడం, చేయి ఎత్తడం, బరువు ఎత్తడం, ఆపైన పూనుకోవడం. తెలుగు ‘ఎత్తుగడ’లోని ‘ఎత్తు’ కూడా అదే పని. రెండు మాటల్లోనూ ఉన్న చిత్రం ఒకటే: లేచిన చెయ్యి. ఒకటి తత్సమమై గౌరవం పొందింది, మరొకటి దేశ్యమై అనుమానం మోసింది. ప్రజల కదలికను ఉద్యమమని చెప్పుకుంటూ, అందులోని ఎత్తుగడను చెప్పడానికి సంకోచించడం వల్ల చరిత్రరచనకు నష్టం జరిగింది. చీరాల-పేరాల ప్రజల ఓర్పును ఎంత కీర్తించినా, వారి తెలివికి దక్కవలసిన వాటా మిగిలే ఉంది.

‘మెనూవర్’కు ఒక కొత్త సమాసం కల్పించడం ఇప్పటి అవసరం కాదు. పద్యానికి వాడినప్పుడు మెచ్చుకోలుగా ఉన్న ‘ఎత్తుగడ’ను ప్రజాచరిత్రకూ అదే మెచ్చుకోలుతో వాడగలిగితే చాలు. అప్పుడు రామనగర్ పాకల్లో గడచిన 11 నెలలను ఓడిపోయిన త్యాగంగా కాక, మొదటి పాదం బలంగా లేచి ముగింపు కుదరని ఒక ఎత్తుగడగా చదవడం సాధ్యమవుతుంది. మగ్గం గుంత విడిచి పొలిమేర దాటిన నేతపనివాడు తాను ఏమి చేస్తున్నాడో ఎరిగే చేశాడు. ఆ ఎరుకకు తగిన పేరు పెట్టడం తెలుగు చరిత్రరచన, నిఘంటురచన కలిసి తీర్చవలసిన బాకీ.